అక్క కుట్టిన పుస్తకాలు

బైండింగ్ అక్క నాకన్నా రెండేళ్లు చిన్నది. అయినా నేను కూడా అక్కా అనే పిలిచేవాణ్ణి. మా కాలేజీ ప్రిన్సిపాలు అక్కా అనేవాడు. ఆవిడ షాపు పక్కన టీకొట్టు పెట్టుకున్న తాతకి డెబ్బై దాటాయి, ఆయనా అక్కా అనేవాడు. ఒకసారి ఆవిడకే విసుగొచ్చింది.

"అందరికీ అక్కనైతే ఊళ్లో నాకన్నా పెద్దవాళ్లే లేరన్నమాట. ఇంకా ఎందుకున్నాను సారూ నేను?" అంది.

నేను ఆ కాలేజీలో ముప్ఫై ఏళ్లుగా లైబ్రేరియన్‌ని. పేజీ మూల మడిచేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. పుస్తకంలో పెన్సిలుతో గీత గీసినా ఊరుకోను. వెన్ను విరిచి బోర్లా పెట్టేవాళ్ల సంగతి చెప్పకపోవడమే మేలు, నా నోరు మంచిది కాదు. వాళ్ల చేతుల్లో పడి అట్టలూడి, కుట్లు తెగిన పుస్తకాలన్నీ అక్క దగ్గరికి వెళ్లేవి. నెల తిరిగేసరికి కొత్త అట్టలు తొడుక్కుని, జిగురు వాసనతో తిరిగొచ్చేవి. ఆవిడ కుట్టిన పుస్తకాన్ని బల్లమీద తెరిచి చెయ్యి తీసేస్తే, తెరిచింది తెరిచినట్టే ఉండేది. చెయ్యి తియ్యగానే ఠపీమని మూసుకుపోయే పుస్తకాలంటే నాకు గిట్టదు.

షాపు కాలేజీకి రెండు వీధుల అవతల ఉంది. రైలుపెట్టెలాంటి పొడుగాటి ఇరుకు గది. వాకిట్లో తమ్ముడి బల్ల, మధ్యలో పుస్తకాల్ని నొక్కిపెట్టే ఇనప ప్రెస్సు, చివర కిటికీ కింద అక్క ఎత్తుపీట, కుట్టే బల్ల. బల్లకి పైన చెక్కల అటక, దానికో నిచ్చెన. షాపు వాళ్ల నాన్నది. ఆయన పోయేనాటికి అక్కకి పందొమ్మిది, తమ్ముడికి తొమ్మిది. అప్పటికే పని వచ్చు కాబట్టి ఆవిడ చదువు మానేసి ఆ పీట ఎక్కింది. తమ్ముణ్ణి డిగ్రీ దాకా చదివించింది. అతను నాలుగు ఉద్యోగాలు చూసుకుని, ఏదీ అచ్చిరాక, చివరికి షాపుకే వచ్చాడు. మాటకారి. ఆర్డర్లు తేవడం, పుస్తకాలు మోయడం, అప్పగించడం అతని వంతు. కుట్టడం ఆవిడ వంతు. అతను పెళ్లి చేసుకుని వేరే కాపురం పెట్టాడు. ఆవిడ తన పెళ్లి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. షాపుకి కాస్త దూరంలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది, దర్జాగా.

నలభై నాలుగో ఏట ఆవిడ సూదిలోకి దారం ఎక్కనని మొరాయించింది. కళ్లజోడు మార్చింది, మళ్లీ మార్చింది. తర్వాత పేజీ నంబర్లు మాయమవడం మొదలైంది. సూటిగా చూస్తే నంబరున్న చోట బూడిదరంగు మరక ఉండేది. పక్కకి చూస్తే అదే నంబరు ఓరగా కనిపించేది. కంటి డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. నడిమి చూపు మెల్లమెల్లగా పోతుంది, మందు లేదు, అంచుల చూపు మాత్రం మిగులుతుంది అని.

"అంచులు మిగిలితే చాలు డాక్టరుగారూ, నా పనంతా అంచులతోనే," అందట ఆవిడ.

బయటికొచ్చాక ఆసుపత్రి మెట్లమీద కూర్చుని గంటసేపు ఏడ్చింది. ఆ సంగతి నాకు తమ్ముడు చెప్పాడు, ఆవిడ చెప్పలేదు.

అప్పట్నుంచి మనుషుల్ని చూడాలంటే తల పక్కకి తిప్పి, కంటికొసతో చూసేది. తెలియనివాళ్లు పొగరనుకునేవాళ్లు. టీకొట్టు తాత మాత్రం, "ఈ వయసులో నామీద వారచూపులేమిటక్కా, మా ముసల్ది చూస్తే కొంప మునుగుతుంది," అనేవాడు. ఆవిడ పకపకా నవ్వేది. ఆ నవ్వు కోసమే ఆయన రోజూ అదే మాట అనేవాడు, రోజూ ఆవిడ నవ్వేది.

చూపు ఏటికేడాది తగ్గుతూ వచ్చింది. ఆవిడ కూడా ఏటికేడాది ఒక్కొక్కటి నేర్చుకుంటూ వచ్చింది. రవికెల లోపల మెడ దగ్గర ఒక గుండీ కుట్టుకుంది, ముందేదో వెనకేదో తెలియడానికి. పొయ్యి మీట దగ్గర గోళ్లరంగుతో మందంగా బొట్లు పెట్టుకుంది, మంట ఎంతుందో వేలికి తెలిసేలా. ఉప్పు డబ్బాకి ఒక రబ్బరుబ్యాండు, పంచదార డబ్బాకి రెండు. ఇంటి నుంచి షాపుకి నాలుగొందల ముప్ఫై అడుగులు. మధ్యలో కరెంటు స్తంభం, మూత లేని కాలువ, ఒక సోమరి కుక్క. స్తంభం, కాలువ కదలవు కాబట్టి ఫరవాలేదనీ, కుక్కతోనే చిక్కనీ చెప్పేది. తెల్లకర్ర పట్టుకోవడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. పట్టుకున్న రోజు, "ఊరికే జాలిపడే మొహాలు నాకు కనపడవుగా, ఇంక నాకేం నష్టం," అంది.

తమ ఇంటికొచ్చి ఉండమని తమ్ముడు అడిగాడు. అతని భార్య కూడా మంచి మనసుతోనే అడిగింది. ఆవిడ ఒప్పుకోలేదు.

"నా ఇంట్లో గ్లాసు నేను పెట్టినచోటే ఉంటుంది. మీ ఇంట్లో నలుగురున్నారు, గ్లాసు నాలుగుచోట్ల ఉంటుంది," అని తేల్చేసింది.

షాపులోనూ అదే సూత్రం. ఏ వస్తువైనా దాని చోట అది ఉండాలి, ఎవరైనా కదిపితే నోటితో చెప్పాలి. దాన్ని గోడమీద పెద్ద అక్షరాలతో రాయించింది: కదిపితే చెప్పాలి. తాను చదవలేని బోర్డు షాపులో వేలాడదీసిన యజమానురాలు ఆవిడొక్కతే అయ్యుంటుంది. రాసింది తమ్ముడే. అతను ఆ మాట పాటించేవాడు కూడా. "అక్కా, జిగురు గిన్నె ఎడమకి జరిపాను." "అక్కా, దబ్బనం కుడివైపు అంచున పెట్టాను." అతను అనడం ఆలస్యం, ఆవిడ చెయ్యి తిన్నగా వెళ్లి ఆ వస్తువుమీద వాలేది. తడమడం, వెతకడం ఏమీ ఉండేది కాదు. ఆ అక్కాతమ్ముళ్లని చూస్తే నాకు ముచ్చటేసేది.

ఇక పని సంగతి. బైండింగులో కష్టమంతా పేజీల వరసలోనే ఉంది. పదహారు పేజీల మడతకట్టని ఫారం అంటారు. లావాటి పుస్తకమంటే ముప్ఫై, నలభై ఫారాలు. ఒక్కటి ముందువెనకలైతే కథ మధ్యలో చచ్చినవాడు లేచొస్తాడు. నంబర్లు కనపడని మనిషి ఈ వరస ఎలా కాపాడుతుంది? అక్క దానికో ఉపాయం కనిపెట్టింది. పాత పుస్తకం అట్టలు తీసేశాక, ఫారాలు విడదియ్యకముందే, రేకుపట్టీ ఆనించి వెన్నుమీద పై మూల నుంచి కింది మూల దాకా ఏటవాలుగా సన్నరంపంతో గీత కోసేది. ప్రతి ఫారానికీ ఒక గాటు పడుతుంది, ముందున్న ఫారం గాటుకన్నా కాస్త కిందికి. తర్వాత విప్పుకుని, చిరుగులు అతికి, మళ్లీ పేర్చి, గోరుతో వెన్నుని పైనుంచి కిందికి రాసి చూసుకునేది. గాట్లు మెట్లలా వరసగా తగలాలి. ఫారం తారుమారైనా, తలకిందులైనా మెట్టు తప్పుతుంది. ఇది నాకు షాపులో కూర్చోబెట్టి, నా గోరుతోనే రాయించి చూపించింది. అంటే ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని వినండి.

ఒకరోజు ఓ విద్యార్థి లావాటి సముద్రయాత్రల చరిత్ర తెచ్చి నా బల్లమీద తెరిచిపెట్టాడు. అక్క దగ్గర్నుంచి వచ్చి వారం కూడా కాలేదు. పదహారు పేజీలు తలకిందులుగా ఉన్నాయి. ఆ పేజీ చూశాను, నవ్వాను, మూసేశాను. సాయంత్రం తమ్ముడు వచ్చినప్పుడు, "మీ అక్క ఈమధ్య మా పిల్లల్ని శీర్షాసనం వేయించి చదివిస్తోందోయ్," అన్నాను. నాకు అది హాస్యం.

అతని మొహం పాలిపోయింది. పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ పేజీలు చాలాసేపు చూశాడు. నేను ఇంకొక మాట కూడా అన్నాను. "పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుందిలే," అన్నాను. ఆ మాటే కొంప ముంచింది.

మూడు రోజుల తర్వాత అతను మళ్లీ వచ్చాడు. లైబ్రరీలో ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చాడు.

"సార్, ఇకనుంచి కాలేజీ పుస్తకాలు బస్టాండు దగ్గర మిషను బైండింగులో చేయించి తెస్తాను. అక్కకి చెప్పకండి."

"మరి ఆవిడకి?"

"పాత కాగితాల వాళ్ల దగ్గర చిరిగిన పుస్తకాలు దొరుకుతాయిగా. అవే మీవని చెప్పి ఇస్తాను. కుట్టుకుంటుంది. చేతికి పని లేకపోతే మనిషి కుంగిపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు సార్."

"కుట్టినవి?"

"అటకమీద పెడతాను. నిచ్చెన మూడో మెట్టు విరిగిందని చెప్పేస్తాను. ఎక్కదు."

నేను కాసేపు గునిశాను. కానీ ఒప్పుకున్నాను. తర్వాత నాలో నేను సవాలక్ష విధాల సర్దిచెప్పుకున్నాను. ఆవిడ మనసు నొప్పించడం ఎందుకన్నాను. పిల్లల చదువు ముఖ్యమన్నాను. అసలు సంగతేమిటంటే, ఆవిడ ఎదుటికెళ్లి "అక్కా, ఇది తప్పొచ్చింది" అనడానికి నాకు మొహం చెల్లలేదు. పిరికితనానికి జాలి అని పేరు పెట్టుకున్నాను.

పద్నాలుగు నెలలు. అన్ని నెలలూ నేను షాపు వైపు వెళ్లలేదు. మధ్యలో ఒకసారి టీకొట్టు తాత చేత కబురంపింది, సారు నామీద అలిగారా, అట్టల రంగు నచ్చలేదా అని. తీరిక లేదని చెప్పించాను.

ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి లైబ్రరీ గుమ్మంలో కర్ర టకటకమంది. అక్క. ఒక్కతే. ముతక చీర, భుజానికి సంచి, చెంపలమీద చెమట.

"రెండు వీధులు దాటొచ్చాను సారూ. వారంరోజుల నుంచి రోజుకింత దూరం చొప్పున నేర్చుకున్నాను. మీ గేటు దగ్గర ఒక్కసారి తప్పిపోయాను, అంతే," అంది. గొంతులో బడికి మొదటిసారి ఒంటరిగా వెళ్లొచ్చిన పిల్ల గర్వం ఉంది. "మీరు రాకపోతే నేను రాలేననుకున్నారా?"

కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"కూర్చోడానికి రాలేదు. ఈ ఏడాది కుట్టినవన్నీ ఏ బీరువాలో పెట్టారో అక్కడికి తీసుకెళ్లండి. మీ పిల్లల చేతుల్లో నలిగి నా కుట్టు ఎలా నిలబడిందో చూసుకోవాలి. కళ్లు పోయాక నా పని బాగుందో లేదో ఎవరూ చెప్పట్లేదు సారూ. అందరూ బాగుంది బాగుంది అంటారు. నా వేళ్లు చెబితేనే నమ్ముతాను."

ఏదో ఒక సాకు చెప్పి పంపేయొచ్చు. కానీ కాళ్లు వాటంతటవే బీరువా దగ్గరికి నడిచాయి.

ఆవిడ మొదటి పుస్తకం తీసుకుంది. వెన్ను నిమిరింది. తెరిచి, మధ్యలో పేజీలు కలిసే లోతులోకి వేలు పోనిచ్చింది. దారం తగల్లేదు. కాస్త ముందు ఇంకోచోట తెరిచింది. అక్కడా లేదు. పుస్తకం బల్లమీద తెరిచి పెట్టి చెయ్యి తీసింది. అది ఠపీమని మూసుకుంది.

"ఇది నాది కాదు," అంది. "తప్పు బీరువాకి తెచ్చారు."

రెండోది తీసింది. మూడోది తీసింది. ఏడోది కూడా ఠపీమని మూసుకుంది.

"ఇవి ఎవరు కుట్టారు సారూ?"

"కుట్టలేదక్కా. అంటించారు. మిషనుతో."

"నావేవి?"

"మీ షాపులోనే ఉన్నాయి. అటకమీద. అవి కాలేజీవి కావక్కా, పాత కాగితాల వాళ్ల దగ్గర కొన్నవి."

ఆవిడ తల పక్కకి తిప్పింది, నన్ను చూడ్డానికి. ఎన్నేళ్లుగానో ఆ ఓరచూపు నాకు అలవాటే. ఆ రోజు మాత్రం తట్టుకోలేక నేనే తల దించుకున్నాను.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

పుస్తకాల్ని ఒక్కొక్కటిగా తిరిగి బీరువాలో పెట్టి, కర్ర అందుకుంది. గుమ్మం దగ్గర, "మూడు మెట్లున్నాయక్కా," అన్నాను.

"వచ్చేటప్పుడు లెక్కపెట్టుకున్నాను," అంది.

నేను వెనకాలే వెళ్లాను. రమ్మనలేదు, వద్దనలేదు. టీకొట్టు తాత దూరం నుంచే వారచూపుల పాట ఎత్తుకున్నాడు. ఆవిడ నవ్వకపోయేసరికి ఆయన గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

షాపులో తమ్ముడు లేడు. ఆవిడ నేరుగా నిచ్చెన దగ్గరికి వెళ్లింది. మొదటి మెట్టు రెండు చేతులతో తడిమింది. రెండోది తడిమింది. మూడో మెట్టుమీద ఆ చివర నుంచి ఈ చివర దాకా అరచెయ్యి పోనిచ్చింది. బీట కూడా లేదు. దానిమీద పిడికిలితో ఒకసారి గుద్ది చూసింది. పద్నాలుగు నెలలుగా ఆవిడ కూర్చున్న పీటకి రెండు బారల దూరంలో ఆ మెట్టు నిక్షేపంలా ఉంది.

ఎక్కింది. కింద నిచ్చెన పట్టుకోవడం తప్ప నేను చేసిందేమీ లేదు. అటకమీద దుమ్ము కదిలిన చప్పుడు, ఒకదాని తర్వాత ఒకటి పుస్తకాలు తెరుచుకుంటున్న చప్పుడు వినిపించింది. లెక్కపెడుతోంది. ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగింది.

అప్పుడే తమ్ముడు వచ్చాడు. నన్ను చూశాడు, నిచ్చెన చూశాడు, చేతిలో అట్టల కట్ట కింద పడేశాడు.

"అక్కా, దిగు, పడతావు."

"మూడో మెట్టు విరగలేదురా," అంది పైనుంచి.

అతను ఏడవడం మొదలుపెట్టాడు. పెద్ద మగవాడు, మీసాలున్నవాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. "నీకు చెబితే తట్టుకోలేవని అక్కా. పని మానుకోమంటే నువ్వు బతుకుతావా? మంచం పడతావని భయమేసింది. నీకోసమే చేశాను."

ఆవిడ దిగొచ్చింది. ఒక పుస్తకం చంకలో ఉంది.

"అమ్మ రొట్టెలు చేసేటప్పుడు నువ్వు అడ్డమొస్తున్నావని నీ చేతిలో పిండిముద్ద పెట్టేది, గుర్తుందా? నువ్వు దాన్ని నలిపి నలిపి నల్లగా చేసి, ఇది నేను చేసిన రొట్టె అనేవాడివి. బాగుంది బాగుంది అని గోడవతల పారేసేది. నాకు పిండిముద్ద ఇచ్చావురా నువ్వు. యాభై ఒక్క ఏళ్లదాన్ని. పద్నాలుగు నెలలు నలుపుకుంటూ కూర్చున్నాను."

"తప్పయిపోయిందక్కా."

"నా కళ్లు నన్ను మోసం చేస్తాయని డాక్టరు ముందే చెప్పాడు. కాచుకుని కూర్చున్నాను, తట్టుకున్నాను. నువ్వు చేస్తావని ఎవరూ చెప్పలేదు." చంకలో పుస్తకాన్ని బల్లమీద పడేసింది. "గిన్నె జానెడు జరిపితే చెప్పేవాడివి కదరా! దబ్బనం బెత్తెడు జరిపితే చెప్పేవాడివి! ఇంత జరిపి ఒక్కమాట చెప్పలేదే!"

గోడమీద బోర్డు అతని వెనకాలే ఉంది. అతను అటు తిరగలేదు.

నేను ఆ ముప్ఫై ఎనిమిది పుస్తకాలూ ఇమ్మని అడిగాను. ఎందుకో నాకే సరిగ్గా తెలియదు. లోలోపల తమ్ముడు చేసింది అవసరమేనని రుజువు కావాలని కోరుకున్నానేమో. అలా అయితే నా తప్పు సగం తగ్గుతుంది. ఆటోలో వేసుకుని లైబ్రరీకి తెచ్చి, పదకొండు రోజులపాటు వేరే పనేదీ పెట్టుకోకుండా ప్రతి పేజీ నంబరూ చూశాను. ఒక్క ఫారం వరస తప్పలేదు. ఒక్కటి తలకిందులు కాలేదు. ఒక పుస్తకానికి అట్ట మాత్రం తిరగేసి వేసింది. అంతే.

అంతా అయ్యాక ఆ సముద్రయాత్రల చరిత్ర దించాను. దానికి ముందు ఎన్ని వందలు కుట్టిన చెయ్యి, ఆ తర్వాత ముప్ఫై ఎనిమిది కుట్టిన చెయ్యి, ఆ ఒక్కచోట ఎలా తప్పింది? తలకిందులైన పేజీలు రెండొందల యాభై ఏడు నుంచి మొదలవుతాయి. ఈసారి వాటికి ముందున్న పేజీ కూడా చూశాను. రెండొందల యాభై ఆరో పేజీ అడుగున, మార్జిన్లో, పాతబడి మసకేసిన పెన్సిలు రాత కనిపించింది.

"ముద్రణాలయం వారి నిర్వాకం వల్ల తర్వాతి పదహారు పేజీలు తలకిందులుగా ఉన్నవి. పుస్తకం తిప్పి చదవగలరు. లైబ్రేరియన్."

కింద సంతకం. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి తేదీ. సంతకం నాది.

పుస్తకం పుట్టుకతోనే అలా ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉత్సాహంలో నేనే చూసి, నేనే రాసి, నేనే మర్చిపోయాను. అక్క ఆ పాత పుస్తకం ఎలా ఉందో అలాగే వెన్నుమీద గీత కోసి, ఎలా ఉందో అలాగే తిరిగి కుట్టింది. వెంట్రుకవాసి తేడా లేకుండా.

ఆ మధ్యాహ్నమే షాపుకి వెళ్లాను. అక్క బల్ల దగ్గర కూర్చుని మైనం రాసిన దారాన్ని వేళ్లమధ్య లాగుతోంది. తమ్ముడు వాకిట్లో తన బల్ల దగ్గరే ఉన్నాడు. వాళ్లిద్దరూ పనికి అవసరమైన మాటలే మాట్లాడుకుంటున్నారని తాత అంతకుముందే నా చెవిన వేశాడు. నేను పుస్తకం తెరిచి, ఇదంతా ఈ తలకిందుల పేజీలతోనే మొదలైందని చెప్పి, ఆ రెండు ముక్కలూ పైకి చదివాను. తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"రాత ఎవరిది?" అంది అక్క.

"నాదే అక్కా."

దారం లాగడం ఆగింది.

"నేను ఏడుస్తాననుకున్నారు ఇద్దరూ," అంది. "ఆ రోజే వచ్చి, అక్కా, పేజీలు తలకిందులున్నాయేమిటి అని అడిగితే, గాట్లు చూసుకుని, పాతదే అలా ఉంది సారూ, సరిచెయ్యమంటారా అనేదాన్ని. ఒక్క నిమిషం పట్టేది. నన్నొక్కమాట అడిగితే పోయేదిగా."

నేను తెచ్చిన సంచి ముందుకి లాక్కున్నాను.

"ముప్ఫై ఎనిమిదీ చూశానక్కా. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒకదానికి అట్ట తిరగబడింది."

"ఏదది?" అంది వెంటనే, చెయ్యి చాపి. "తెచ్చారా? ఇలా ఇవ్వండి." నేను సంచిలోంచి తీసి ఇచ్చాను. అట్ట అంచులు తడిమి, నాలిక కరుచుకుంది. ఆ పద్నాలుగు నెలల్లో ఆవిడ పని గురించి ఎవరైనా నిజం చెప్పడం అదే మొదటిసారి. మొహంలో కాస్త రంగు వచ్చింది. "రేపు విప్పి వేస్తాను. ఇకనుంచి మీ పుస్తకాలు వీడు మొయ్యడు సారూ. నేనే వచ్చి తీసుకెళ్తాను, నేనే తెచ్చిస్తాను. మీ ఎదురుగా లెక్కపెట్టుకుని, మీ ఎదురుగా తెరిచి చూపిస్తాను. తప్పుంటే నా మొహంమీదే చెప్పాలి."

"అలాగే అక్కా."

"మిషనువి విప్పి మళ్లీ నాచేత కుట్టించమని అడగను. అది మీ ఇష్టం."

లేవబోతూ ఆగాను. తమ్ముడు మెల్లగా ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు. అట్టకి చిల్లులు పొడిచే దబ్బనం ఎక్కడో వాకిట్లో ఉండిపోయినట్టుంది, తెచ్చి బల్లమీద పెట్టాడు.

"అక్కా, దబ్బనం కుడివైపు అంచున పెట్టాను," అన్నాడు. ఎప్పటిలాగే, అదే గొంతుతో.

ఆవిడ చెయ్యి తిన్నగా వెళ్లలేదు. బల్ల ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, వేళ్లు చెక్కకి ఆనించి, జిగురు గిన్నె దాటి, కత్తెర దాటి, రేకుపట్టీ దాటి, అంగుళం అంగుళం తడుముకుంటూ కుడివైపుకి వచ్చింది. తమ్ముడు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

దబ్బనం అతను చెప్పినచోటే ఉంది.